రెండో లైను, చివరి గది

పెంకుల ఫ్యాక్టరీ గేటు దగ్గర పోయినేడాది ఒక పెద్ద బోర్డు పెట్టారు. రాబోయే కాలనీ బొమ్మ దాని మీద ఉంది. వరసగా అపార్టుమెంట్లు, మధ్యలో చెరువు, చెరువులో బాతులు, గట్టు మీద వాకింగ్ చేస్తున్న మనుషులు. పెంకుల కోసం మట్టి తవ్వగా తవ్వగా మిగిలిన గొయ్యే ఆ చెరువు. పొగగొట్టాన్ని కూల్చకుండా గుర్తుగా ఉంచుతారట, దాని మొదట్లో పూలమొక్కలు వేస్తారట. మా అందరి బట్టలకూ అన్నేళ్లు మసి పూసిన గొట్టానికి చివరికి పూలు దక్కాయి.

నేను కళ్లజోడు సర్దుకుని ఆ బొమ్మలో కూలీల లైన్లు ఎక్కడున్నాయా అని వెతికాను. రెండో లైను చివరి గది ఉండాల్సిన చోట ఒక పచ్చ బెంచీ ఉంది. దాని మీద ఒకాయన కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

ఆ గదిలో ఉండే ఆమెకు చదువు రాదు. ఆమె తరఫున రాయాల్సినవన్నీ నలభై ఏళ్లకు పైగా నేనే రాశాను. అక్షరాలా ఆమె కొంప ముంచింది అదే.

నేను రాజమండ్రిలో ఒక ఎయిడెడ్ స్కూల్లో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. దస్తూరి బాగుంటుందని మా చర్చికి సెక్రటరీని చేశారు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు రిజిస్టరులో ఎక్కించడం నా పని. మా సంఘంలో సగం మంది పెంకుల ఫ్యాక్టరీ వాళ్లే. నేను పిల్లలకు అచ్చులు నేర్పేవాణ్ణి, వాళ్లు మట్టిని అచ్చుల్లో వేసేవాళ్లు. వాళ్ల అచ్చుల్లోంచి వచ్చిన పెంకు వానను ఆపింది. నా అచ్చుల వల్ల ఆగిందేమీ నాకు గుర్తు లేదు.

ఫ్యాక్టరీ వెనకాల రెండు లైన్లు ఉండేవి. ఒక్కొక్కరికి ఒక గది, ముందు చిన్న వసారా. ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్లు దాటినా మనుషులు ఆ గదుల్లోనే ఉండిపోయారు. వాళ్లను పొమ్మనడానికి యజమానులు కూడా ఊళ్లో లేరు. రెండో లైను చివరి గదిలో ఉన్నామెను అందరూ చివరి గదామె అనేవాళ్లు. పెళ్లై వచ్చిన రోజు నుంచీ పచ్చి పెంకులు తట్టలో పెట్టుకుని ఆరబెట్టే షెడ్డుకు మోసింది. ఆమె భర్త బట్టీలో కట్టెలు వేసేవాడు. ఇద్దరూ కాంట్రాక్టు మనుషులే. అతను ఊపిరితిత్తులు పాడై ఫ్యాక్టరీ కంటే ముందే మూతపడ్డాడు.

ఇంతకీ ఆ స్థలాన్ని పరిశ్రమల జాబితాలోంచి తీసేసి, ఇళ్లకూ పార్కుకూ కేటాయిస్తూ కార్పొరేషన్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మ్యాపులో ఊదా రంగు పోయి పసుపు, ఆకుపచ్చ వచ్చాయి. అభ్యంతరాలు ఉంటే పదిహేను రోజుల్లో చెప్పుకోమన్నారు. మా వాళ్లెవరూ చెప్పుకోలేదు. ఎందుకంటే నోటీసు అడుగున ఒక మంచి మాట ఉంది. ఫ్యాక్టరీ మూతపడక ముందు నుంచీ లైన్లలో కాపురం ఉన్నట్టు ఆధారం చూపినవాళ్లకు వెనకవైపు బ్లాకులో ఇల్లు ఇస్తారు.

పర్మనెంటు వాళ్ల దగ్గర ఫ్యాక్టరీ కార్డులు ఉన్నాయి. మిగిలినవాళ్లు ట్రంకుపెట్టెలు బోర్లించి పాత రేషన్ కార్డో, పిల్లల స్కూలు కాగితమో పట్టుకొచ్చారు. చివరి గదామె రేషన్ కార్డు మాత్రం తుని దగ్గర పుట్టింటి ఊళ్లో ఉంది. ముందు నాన్న కార్డులో పేరు, తర్వాత అన్న కార్డులో. ఓటూ అక్కడే. ఎలక్షన్లకు బస్సెక్కి వెళ్లి వేసి వచ్చేది. ఒక్కగానొక్క కూతురు బడికి వెళ్లింది కూడా అమ్మమ్మగారి ఊళ్లోనే. కాంట్రాక్టరు హాజరు పుస్తకం కాంట్రాక్టరుతోనే పోయింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె, చర్చి పుస్తకాలుండే వెస్ట్రీ గది గుమ్మంలో నిలబడింది.

“వందనాలండి మాస్టారండీ. కాగితాలు చూడ్డానికి ఆఫీసు మేడంగారు బుధవారం వస్తారంట. మన పుస్తకం ఒకపాలి తీసి ఉంచుతారా?”

“ఏ పుస్తకమమ్మా?”

“అదేంటండి అలాగంటారు. మా అమ్మాయి బాప్తిస్మం, దాని పెళ్లి, ఆయన భూస్థాపన, అన్నీ మీ చేతి రాతే కదండీ. పేరు, ఊరు, ఉండే చోటు అన్నీ రాసేసేనని మీరే అనీవోరు.”

బీరువా తీశాను. పేజీ తిప్పాను. అందులో ఏముందో నాకు చూడకుండానే తెలుసు.

నేను సెక్రటరీ అయిన కొత్తలో మొదటి లైనులో ఒక అమ్మాయికి కాకినాడ వైపు నుంచి సంబంధం వచ్చింది. వాళ్లు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగితే రాసి పంపాను. నివాసం: పెంకుల ఫ్యాక్టరీ లైన్లు. తర్వాత వాళ్ల నుంచి కబురు లేదు. కారణం వాళ్లు చెప్పలేదు, నేనే ఊహించాను. తెలుగు మాస్టార్లకు సందర్భం దొరికితే చాలు, భావం మేమే రాసుకుంటాం. లైన్లన్న మాట చూసి వెనక్కి తగ్గారని తేల్చుకున్నాను. అప్పటి నుంచి లైన్ల వాళ్లు ఎవరొచ్చినా ‘నివాసం’ అనే గడిలో ‘పాత చర్చి వీధి’ అని రాయడం మొదలుపెట్టాను. ఆ వీధిలో ఉన్నది పాస్టరుగారి ఇల్లు ఒక్కటే. రిజిస్టరు ప్రకారం చూస్తే మా సంఘంలో సగం మంది ఆ రెండు గదుల పెంకుటింట్లో పుట్టి, అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే కన్నుమూశారు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రహస్యంగా చేసిన మేలు అనుకుని లోపల మురిసిపోయేవాణ్ణి. చివరి గదామె కూతురికి కాకినాడ సంబంధం కుదిరినప్పుడైతే ఆ పెళ్లి సగం నా కలం చేసిందే అనుకున్నాను. పెళ్లి భోజనంలో రెండోసారి బూరెలు వడ్డించుకున్నాను కూడా, హక్కుగా.

“ఉందాండి మా లైను?” అని గుమ్మంలోంచే అడిగింది.

ఆ గడిలో ఉన్న మూడు మాటలు చదివి వినిపిస్తే సరిపోయేది. “ఉందమ్మా” అన్నాను.

“చివరి గదని కూడా రాసేరా?”

“రాశాను.”

“హమ్మయ్య. పక్క గదావిడ నన్ను తెగ బెదిరించేస్తందండి. నీకు కాగితం లేదు, నిన్ను బాతులతో పాటు ఆ చెరువులో ఉంచుతారు, అని. బుధవారం దాని మొహం చూడాలి.”

మంగళవారం మధ్యాహ్నం చర్చిలో ఎవరూ లేని వేళ చూసి, పాత ఇంకు పెన్నులో సిరా పోసుకుని కూర్చున్నాను. ఆమెకు సంబంధించిన మూడు చోట్లా ‘పాత చర్చి వీధి’ మీద గీత కొట్టి, పైన ‘ఫ్యాక్టరీ లైన్లు, రెండో లైను, చివరి గది’ అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. అబద్ధాన్ని కొట్టేసి నిజం రాస్తున్నాను కాబట్టి తప్పు లేదనుకున్నాను. ముప్ఫై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి, నా తప్పు దిద్దుకోవడం అదే మొదలు. అలవాటు లేని పని ఎంత అందంగా చేసినా పట్టుబడుతుందని తెలియలేదు.

బుధవారం మొదటి లైను వసారాలో బల్ల వేశారు. ఆఫీసు నుంచి వచ్చినామెకు మా అమ్మాయి వయసుంటుంది. మర్యాదస్థురాలు. కాగితం చూపించిన ప్రతివాళ్లనూ కూర్చోమంటోంది. చివరి గదామె ఉతికిన తెల్లచీర కట్టుకుని, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టింది. నేను రిజిస్టరు తెరిచి ఇచ్చాను.

ఆఫీసరమ్మ పేజీని కాస్త వెలుతురు వైపు వంచి చూసింది.

“మాస్టారూ, ఇది ఎప్పుడు దిద్దారండీ?”

“అప్పట్లోనే” అనబోయాను. పాత రాత నల్లబడి ఉంది, నా దిద్దుబాటు నీలంగా మెరుస్తోంది. అది చదువు రానివాళ్లకు కూడా కనిపిస్తుంది.

“నిన్న” అన్నాను.

ఆమె ముందు పేజీలు తిప్పింది, వెనక పేజీలు తిప్పింది. “అందరిదీ చర్చి వీధే. ఈవిడవి మూడూ మాత్రం లైన్లయ్యాయి. ఏంటండి ఇది?”

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మొదటి లైను అమ్మాయి సంబంధం దగ్గర నుంచి అంతా చెప్పాను. లైన్ల వాళ్లని తెలిస్తే పిల్లలకు సంబంధాలు రావని అలా రాశానన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు వింటున్నారు. చివరి గదామె ఖాళీ గ్లాసు పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది.

“సంబంధాలు రావనా అండి?” అని నెమ్మదిగా అడిగింది.

“అవునమ్మా. మీ అమ్మాయిది కూడా, ఆ కాకినాడ వాళ్లకి...”

“వాళ్లు వచ్చేరు కదండీ. పెళ్లిచూపులకి మా గదిలోనే కూర్చోబెట్టేం. మంచం మా వియ్యంకుడుగారికిచ్చి మిగతావోళ్లకి చాపలేసేం. బట్టీ పొగ లోపలికొస్తా ఉంటే వియ్యంకుడుగారు దగ్గుతానే కాఫీ తాగేరు. మీరు ఆరోజు స్కూలు పరీక్షలని రాలేదు.”

పక్క గదావిడ నవ్వబోయి ఆపుకుంది. ఆమెను ఇంతకాలం నోటిదురుసు మనిషి అనుకునేవాణ్ణి. ఆ ఒక్క నవ్వు ఆపినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

“మొదటి లైను పిల్ల సంబంధం కూడా లైన్ల గోల కాదండి” అంది చివరి గదామె, నన్ను ఓదారుస్తున్నట్టుగా. “ఆ పెళ్లికొడుక్కి వేరే పిల్ల మీద మనసు. అందరికీ తెలుసు కదండీ.”

అందరికీ తెలుసు, భావం రాసుకున్నవాడికి తప్ప.

ఆఫీసరమ్మ రిజిస్టరు మూసి రెండు చేతులతో నాకు ఇచ్చింది. “మీరు చెప్పేది నిజమేనని నాకు తెలుస్తోందండీ. దిద్దకుండా తెచ్చి, ఇలా ఎందుకు రాయాల్సి వచ్చిందో ఒక లెటరు రాసిచ్చి ఉంటే కమిటీ ముందు పెట్టేదాన్ని. ఇప్పుడిది పెడితే మిగతావాళ్ల కాగితాలు కూడా అనుమానంగా చూస్తారు.” తన ఫారంలో చివరి గదామె పేరు ఎదురుగా ఒక వాక్యం రాసింది. తలకిందులుగా కూడా చదవగలిగాను. పరీక్ష హాల్లో తిరిగినవాళ్లకు ఆ విద్య అబ్బుతుంది. ‘దిద్దుబాటు ఉన్నందున ఆధారం పరిగణించలేదు.’ తప్పుల్లేని తెలుగు.

తర్వాత నేను అర్జీలు పెట్టాను. తేలిక మాటల్లో ఒకటి, గ్రాంథికంలో ఒకటి. రెండింటికీ స్టాంపు కొట్టిన రసీదులిచ్చారు. కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. వచ్చేటప్పుడు మాత్రం, “మీరు మధ్యాహ్నం మందులేసుకోవాలి కదండీ, ఆలస్యమైపోయింది” అంది.

జాబితా గేటుకు అంటించిన రోజు వాన. పేర్లు వరసగా చదువుతూ వెళ్లి, చివర దాకా వెళ్లి, మళ్లీ పై నుంచి చదివాను. ఆమె పక్కనే గొడుగు పట్టుకుని నిలబడింది, నా మీదకు కూడా వచ్చేలా.

“లేదు కదండీ” అంది.

“లేదమ్మా.”

“మీరు మొదటిసారి చదివినప్పుడే తెలిసిందండి. ఊరికే రెండోసారి చదివేరు.”

నెల తిరక్కుండా పొక్లెయిను వచ్చింది. వెనక రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టారు కాబట్టి చివరి గది అన్నిటికంటే ముందు పోయింది. పైన పరిచిన పెంకులు ఆ ఫ్యాక్టరీవే. వాటిలో కొన్నింటిని పచ్చిగా ఉన్నప్పుడు ఆమే మోసి ఉంటుంది. ఒక్కటి కూడా మిగల్చలేదు. కూతురు కాకినాడ రమ్మంది. “పండక్కి వెళ్తాను గానీ అల్లుడింట్లో కాపురం ఏంటండి” అని, తుని దగ్గర అన్నగారి ఊరికే వెళ్లడానికి సిద్ధమైంది. చిన్నప్పుడు వదిలి వచ్చిన ఊరు. అక్కడ ఆమెకు ఉన్నదల్లా రేషన్ కార్డులో ఒక పేరు. ఇన్నేళ్లూ అబద్ధం చెబుతున్న ఆ కార్డు ఇప్పుడు నిజమైంది. నేను దిద్దిన నిజం మాత్రం చెల్లలేదు.

ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి వెళ్లేవాళ్లకు మేం సభ్యత్వ పత్రం రాసిస్తాం. అక్కడి పాస్టరుగారికి అది చూపిస్తే వాళ్ల రిజిస్టరులో చేర్చుకుంటారు. ఆమె సంచీతో వచ్చి వెస్ట్రీలో కుర్చీ అంచున కూర్చుంది. అదే పెన్నుతో రాశాను. పేరు రాశాను, భర్త పేరు రాశాను. ‘ఇంతవరకు నివాసం’ అనే గడి దగ్గర ఆగి, నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా కనిపించేలా రాశాను. పెంకుల ఫ్యాక్టరీ లైన్లు, రెండో లైను, చివరి గది. కిటికీలోంచి చూస్తే ఆ చోట పొగగొట్టం ఒక్కటే కనిపిస్తోంది, చుట్టూ చదును చేసిన ఎర్రమట్టి.

“చదవండి” అంది. చదివాను.

“ఇందులో కొట్టివేతలు లేవు కదండీ?”

“లేవమ్మా.”

“ఇది ఆ ఆఫీసు మేడంగారికి చూపిస్తే ఇప్పుడేమైనా పనికొస్తదాండి?”

“రాదమ్మా.”

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచీలో బైబిల్లో పెట్టుకుంది.

“అయితే అక్కడి అయ్యగారికే ఇస్తాను లెండి” అంది. “తుని బస్సు ఎన్నింటికండి?”