ఖాళీ అని రాసిన ఊరు

సునామీ వచ్చిన ఏడు హిమబిందుకు తొమ్మిదేళ్లు. మిన్నీ బే అనే తెలుగు జాలరిపేటలో వాళ్ల నాన్న లక్ష్ముడి పడవ కొట్టుకుపోయినా, నెల తిరక్కుండానే ఆయన ఇంకొకరి పడవెక్కాడు. కూతురు మాత్రం సముద్రం జోలికి పోకుండా వృక్షశాస్త్రం చదివింది. సునామీ వచ్చిన పదిహేడేళ్లకు, అడవుల పటాలు గీసే కాంట్రాక్టు ఉద్యోగం ఆమెను మళ్లీ సముద్రం మీదికే తెచ్చింది. ఏడాది పాపను తన తల్లి కాళమ్మకు అప్పగించి, ఓడెక్కి నికోబార్ దీవికి వచ్చింది.

సునామీ ఊడ్చేసిన తీరాన్ని పడవలోంచి చూసింది. ఒక్క ఇల్లూ లేదు. ఫారంలో "ఖాళీ. వాడుకలో లేదు" అని రాసి సంతకం పెట్టింది.

ఆ కాగితం దేనికో నాలుగో రోజున తెలిసింది. ఆ తీరం ఆదివాసుల రిజర్వు. ఖాళీ అని తేలితే రిజర్వులోంచి తప్పించి కొత్త రేవు కట్టడానికి ఇచ్చేస్తారట. సునామీ నాటినుంచీ రేకుల శిబిరంలో ఉంటూ, మా ఊరికి మేం పోతామని అర్జీలు పెడుతున్న నికోబారీలకు ఇక దారుండదు. శుక్రవారం ఓడలో ఫారం వెళ్లిపోతుంది.

ఆమెకు తిండి సయించలేదు. గంటకోసారి ఇంటికి ఫోన్.

"పాప తిన్నాదా అమ్మా?"

"తిన్నాది. నీ గొంతేటి అలాగుంది?"

గురువారం పొద్దున నికోబారీలు కెప్టెన్ అని పిలుచుకునే వాళ్ల ఊరిపెద్ద టైటస్‌ను బతిమాలి, తెలుగు జాలరి చిట్టిబాబు పడవలో ముగ్గురూ వెళ్లారు. ఈసారి దిగి లోపలికి నడిచింది. కొబ్బరి మొక్కలు ఒకే ఎడంతో వరసలుగా ఉన్నాయి. ఒక్కో వరసది ఒక్కో వయసు. రాలిన కాయలు ఇలా మొలవవు. అవతల కర్రల దడిలో పందులు.

"ఏటి దీదీ, మొక్కల సదువు సదివి మొక్కలే కనబడ్లేదా?" చిట్టిబాబు నవ్వాడు.

"ఇళ్ల కోసం చూశాను భయ్యా."

"ఇళ్లు సముద్రం తీసుకుంది బేటీ," టైటస్ హిందీలో అన్నాడు. "నేల మా కుటుంబాలదే. మమ్మల్ని అడక్కుండా ఖాళీ అని ఎలా రాశావు?"

ఆమె మొదటి వరస దగ్గరికి నడిచింది. చీకటి పడేదాకా వరసలు లెక్కపెట్టి, ఫోటోలు తీసి, కొత్త ఫారం నింపింది.

ఆ రాత్రి పైఅధికారి దాన్ని ముట్టుకోలేదు. "పాతది సీలు వేసేశాం. నెలాఖరుకు నీ కాంట్రాక్టు అయిపోతుంది, గుర్తుందా?"

"ఉంది సార్."

ఆ ఫారం టైటస్ చేతికిచ్చింది. ఊరి కౌన్సిల్ దానికి తమ అభ్యంతరం జతచేసి ముద్ర వేసింది. శుక్రవారం టైటస్ వాటిని పట్టుకుని స్వయంగా ఓడెక్కాడు. అదే ఓడలో సీలు వేసిన కవరూ ఉంది. రెండు కాగితాల మీదా హిమబిందు సంతకమే. పై ఆఫీసులో ఏది ముందు చదువుతారో తెలియక, ఓడ కనుమరుగైనా ఆమె రేవు వదల్లేదు.