గంజుల దుకాణంలో నియోడిమియం

చెడిపోయిన హార్డ్ డిస్కును విప్పితే లోపల నెలవంక ఆకారంలో ఒక అయస్కాంతం దొరుకుతుంది. నాంపల్లిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం నా పని. క్లాసులో చూపిద్దామని ఆబిడ్స్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నుంచి ఒకటి తెచ్చి, ఫ్రిజ్‌కు అంటించాను. మా అత్తమ్మ దాన్ని పీకబోతే ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది గానీ అది ఊడలేదు.

"ఏంది బిడ్డా ఇది? గింతే ఉంది, గింత పట్టు పట్టింది."

నియోడిమియం అని చెప్పాను. ఉత్త లోహమైతే వెండిలా ఉండి, గాలి తగిలితే నల్లబడుతుంది. ఇనుము, బోరాన్ కలిపితే ఇట్లా మొండి అయస్కాంతమవుతుంది. ఇయర్‌ఫోన్లలో, కరెంటు స్కూటర్ల మోటార్లలో ఉండేది ఇదే. మొదట్లో దీన్నీ ఇంకో లోహాన్నీ కలిపి ఒకటే అనుకున్నారు. నలభై ఏళ్లు దాటాక ఒక ఆస్ట్రియా రసాయనవేత్త రెండింటినీ విడదీశాడు. పేరుకు అర్థం కొత్త కవల అని.

అత్తమ్మ దవాఖానలో ఏళ్ల తరబడి కాన్పులు చేసిన నర్సు. కవల అనగానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కవలలు బయటికి రానీకి నలభై ఏండ్లా? మరి ఆపరేషన్ ఎందుకు చెయ్యలే?"

ఆ వారమే చర్చి భోజనాలకు అన్నం వండే పెద్ద గంజు కొనే బాధ్యత ఆమె మీద పడింది. ఇద్దరం ఆబిడ్స్‌లో స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లాం. మంచి స్టీలుకు అయస్కాంతం అంటదని ఆమె ఎక్కడో విన్నదట. క్లాసులో చూపించాక నేను బల్ల మీద పెట్టిన అయస్కాంతాన్ని నాకు చెప్పకుండా రుమాలులో చుట్టి తెచ్చింది. గంజు అంచుకు పెడితే మెల్లగా అంటుకుంది.

"ఇది మంచి మాల్ కాదు," అంది.

దుకాణం సేటు తన సొరుగులోంచి నల్లటి అయస్కాంతం తీసి అక్కడే పెట్టాడు. అది జారి కింద పడింది.

"చూడున్రి అమ్మా, అంటలే. అసలు స్టీల్."

"మీ దానికి చేతనైతలేదు. గంజుల తప్పు లేదంటె ఎట్ల నమ్మాలె?"

నేను కల్పించుకున్నాను. మంచి స్టీలుకైనా వంచిన చోట కొద్దిగా అయస్కాంత గుణం వస్తుందని, మనది మరీ బలమైనది కాబట్టి ఆ కొద్దినీ పట్టుకుంటోందని చెప్పాను.

"మేడం మస్తు చెప్పిన్రు," అన్నాడు సేటు.

"ఆమె నా కోడలు. నా దిక్కు మాట్లాడనీకి వచ్చింది," అంది అత్తమ్మ, నా వైపు చూడకుండా.

ఆ పంతంలో ఆమె ఇనుప రాక్‌కు మరీ దగ్గరగా నిలబడింది. అయస్కాంతం చేతిలోంచి ఎగిరి ఠప్పున రాక్‌ను కరుచుకుంది. సేటు స్క్రూడ్రైవర్ తెచ్చి ఎత్తబోతే స్క్రూడ్రైవర్ కూడా అతుక్కుంది. చివరికి నేనే పక్కకు జరిపి ఊడదీశాను. అప్పటికి గిరాకీలంతా బేరాలు మానేసి మమ్మల్నే చూస్తున్నారు.

అత్తమ్మ మాత్రం తగ్గలేదు. మూలనున్న ఇంకో గంజుకు పెట్టి చూసింది. అయస్కాంతం అస్సలు పట్టలేదు. ఆమె ముఖం విప్పారింది.

"జరంత కూడా అంటలే. ఇదీ అసలు మాల్ అంటె."

"అత్తమ్మా, అది అల్యూమి..." అనబోయాను. సేటు ఆమె వెనక నిలబడి నాకు రెండు చేతులూ జోడించాడు. ఆ గంజు ధర అడిగాను.

చర్చిలో ఆ గంజును అందరూ మెచ్చుకున్నారు. అన్నం అందులోనే వండుతున్నారు. అల్యూమినియానికి పులుపు పడదు కాబట్టి, చింతపండు పులుసు మాత్రం వేరే గిన్నెలో చెయ్యమని వంటాయనకు నేనే చాటుగా చెప్పి వచ్చాను.