ఎముక పట్టేదాకా

జగ్గయ్యపేట నుంచి నందిగామలోని మా బడికి నన్ను రోజూ తీసుకెళ్లే షేర్ ఆటో భాయ్ ఒకసారి ఊడిన పన్ను చోట దవడలో స్క్రూ వేయించుకున్నాడు. పైన పన్ను తొడగడానికి మూడు నెలలు ఆగాలన్నారట.

"ఆ స్క్రూ నున్నగా ఉండదు టీచర్ గారూ, కావాలనే గరుకు చేస్తారంట. ఎముక కణాలు ఆ గరుకు పట్టుకుని పాకి, అక్కడే ఎముక కట్టుకుంటాయంట. కుదిపితే జారిపోవూ?"

ఆ రోజు నుంచి ఆటో ఇరవై దాటలేదు. హైవే మీద ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటిపోయేవి. గతుకు కనిపిస్తే చాలు, ఎడమ చేత్తో దవడ అదిమిపట్టి, "కాస్త గట్టిగా పట్టుకోండి" అనేవాడు. మాతో కాదు, కణాలతో.

జనం ఒక్కొక్కరే వేరే ఆటోలు చూసుకున్నారు. ఇంకోసారి ఆలస్యమైతే సగం రోజు సెలవు వేస్తానన్నారు మా హెడ్మాస్టరు. అయినా భాయ్‌ని ఒంటరిగా వదిలి దిగిపోవడానికి నాకు మనసు రాలేదు.

మూడు నెలలయ్యాక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక బ్రహ్మాండంగా పట్టిందన్నాడట. భాయ్ తన డ్రైవింగు సంగతి ఆయనకి గర్వంగా చెప్పాడట.

"ఆటో స్పీడుకీ దానికీ సంబంధం లేదయ్యా. అటువైపు నమలొద్దన్నాను, అంతే," అన్నాడట డాక్టరు.

"మరి మీరేమన్నారు?" అని అడిగా.

"ఏమంటానండీ, ఆయన చదువుకున్నోడు. కానీ ఆ మూడు నెలలూ బండి తోలింది నేను కదా."