వానలోంచి తెచ్చుకున్న మంద

రాయదుర్గం నుంచి పడమటి సముద్రానికి నేరుగా బస్సు లేదు. చిత్రదుర్గం, శివమొగ్గ, తీర్థహళ్లి, ఆగుంబె, ఉడుపి. ఇన్ని చోట్ల దిగి ఎక్కాలి. జూన్ నెలలో మాత్రం ఎవరూ బయల్దేరవద్దు. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. నేను కొండలు చూడ్డానికో సముద్రం చూడ్డానికో పోలేదు. గొర్రెల కోసం పోయాను.

అవి రెండు వేల రెండు, మూడు ప్రాంతపు కరువు రోజులు. మా ఊరు రాయదుర్గానికి దగ్గర్లో, వేదవతి ఇసుక పక్కన ఉంది. వేరుశనగ వరసగా ఎండిపోయింది. ఇంటికి మిగిలిన ఆధారం ఒక్క మంద. దాన్ని చూసుకునేది మా తమ్ముడు తిప్పేస్వామి. నేను రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో లెక్కలు రాస్తాను. మా వైపు మందల వాళ్లకు ఒక పద్ధతి ఉంది. పైరు కోతలయ్యాక గొర్రెలను పడమరకు, కాలువల కింద వరి పండే ఊళ్లకు తోలుకుపోతారు. పగలు కోసిన మళ్లలో మోళ్లు మేపుతారు. రాత్రి ఒక రైతు పొలంలో మంద కడతారు. ఎరువు రైతుది, దానికి బదులుగా ఇచ్చే వడ్లు మందవాళ్లవి. అక్కడ వానలు పట్టే మృగశిర కార్తె వచ్చేలోగా మాత్రం మందను తూర్పుకు తిప్పాలి. మా నాయన ఏ ఏడూ తప్పలేదు.

ఆ ఏడు ఉగాదికి తమ్ముడు రెండు రోజులు ఇంటికి వస్తే, కార్తెకు ముందే తిరిగిరమ్మని చెప్పాను. మా మేనత్త, ఆమె కొడుకులు, పక్కింటివాళ్లు అందరూ కూర్చొని ఉన్నారు. వాడు పల్లెంలోంచి తల ఎత్తకుండా, "కుర్చీలో కూర్చొని లెక్కలు రాసుకునేటోనివి, గొర్రె సంగతి నీకేం తెలుసన్నా" అన్నాడు. మేనత్త నవ్వింది. ఎవరు నవ్వలేదో కూడా నాకు గుర్తుంది.

కార్తె వచ్చి పోయింది. మంద రాలేదు. ఒక మధ్యాహ్నం మా యూనిట్‌కు ఫోను వచ్చింది. తీర్థహళ్లి ఎస్టీడీ బూత్ నుంచి వాడు అరుస్తున్నాడు. ఆ అరుపు వెనక హోరు వినిపిస్తోంది. అది వాన హోరని నాకు వెంటనే అర్థం కాలేదు.

"అన్నా, గొర్లు కాళ్ల మింద నిలబడలేకుండా ఉండాయి. మూడు సచ్చిపోయినాయి. లారీ ఒగటి తెచ్చుకోని రా అన్నా."

ఆ సాయంత్రమే రాయదుర్గంలో లారీల వాళ్లను అడిగాను. పోవడానికీ రావడానికీ రెండింటికీ బాడుగ అన్నారు. అంత మా దగ్గర లేదు. ఒకాయన బీడీ ముట్టించుకుంటూ, కుంటి గొర్రెలకు అంత దుడ్లు పోయడం ఎందుకు, అక్కడే కసాయివాళ్లకు అమ్ముకొని రమ్మని సలహా ఇచ్చాడు. ఆయన ఇప్పటికీ అదే టీ అంగడి ముందర కూర్చుంటాడు. నేను ఇప్పటికీ ఆ అంగడిలో టీ తాగను.

మర్నాడు తెల్లవారుజామున చిత్రదుర్గం బస్సు ఎక్కాను. మొళకాల్మూరు దాటేదాకా రెండు వైపులా బోడి గుట్టలు, రాళ్లు, వాన కోసం దున్ని పెట్టిన ఎర్ర నేల. జూన్‌లో మా వైపు పడమటి గాలి ఈడ్చి కొడుతుంది. కిటికీ తెరిస్తే నోట్లోకి మట్టి. మూస్తే ఉక్క. ఈ గాలి సముద్రం మీద నీళ్లు ఎత్తుకొని వస్తుందనీ, పడమటి కొండలు అడ్డం పడి ఆ నీళ్లన్నీ అక్కడే దించుకుంటాయనీ, మనదాకా వచ్చేసరికి ఉత్త గాలే మిగులుతుందనీ ఏడో తరగతిలో సాంఘికశాస్త్రం సారు చెప్పాడు. అయితే మనకెప్పుడు వస్తుంది సార్ అని అడిగాను. ఎగతాళి అనుకొని నన్ను బెంచీ ఎక్కించాడు. నేను నిజంగానే అడిగాను.

చిత్రదుర్గం బస్టాండులో ఇడ్లీ తిని శివమొగ్గ బస్సు పట్టుకున్నాను. హొళల్కెరె దాటాక నేల రంగు మారింది. ఎరుపు పోయి నలుపు దిగింది. కొబ్బరి తోటలు, ఆ తర్వాత వక్క తోటలు. ఒక మలుపు తిరగ్గానే కిటికీ అద్దం మీద నీటి చారలు. బస్సులో ఎవరూ బయటికి చూడలేదు. మా ఊళ్లో అయితే బస్సు ఆపి దిగేవాళ్లు. పక్క సీటులో పెద్ద వయసు ఆడమనిషి, గొడుగు లేకుండా ఈ వైపు వస్తున్నావేమిటని కన్నడంలో అడిగింది. మా ఊళ్లో గొడుగు ఎండకు పట్టుకుంటామని చెప్పాను. ఆమె వెనక సీటువాళ్లకు కూడా చెప్పి నవ్వించింది. దిగేటప్పుడు నా చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ పెట్టి, తల మీద కప్పుకొమ్మంది. తీసుకున్నాను. నవ్వింది మాత్రం లెక్కలోనే ఉంది.

శివమొగ్గలో వంతెన కింద తుంగ నది మట్టి రంగులో ఒడ్డు నిండా పోతోంది. మా వేదవతి కూడా ఆ పడమటి కొండల్లో పుట్టిందే. మా ఊరు చేరేసరికి దానిలో మిగిలేది ఇసుక.

సాయంత్రానికి తీర్థహళ్లి ఇవతల దిగి, దారి అడుక్కుంటూ బురదలో నడిచాను. వక్కతోట చివర ఒక రేకుల షెడ్డు. మేం పెంచేది ఒళ్లంతా ఉన్ని ఉండే నల్ల గొర్రెలు. ఆ ఉన్ని నీళ్లు పీల్చి ఒక్కొక్కటి రెండింతల బరువెక్కింది. కొన్ని మోకాళ్ల మీద వంగి ఉన్నాయి. గిట్టల మధ్య చర్మం తెల్లగా నాని, చీలి, వాసన కొడుతోంది. తమ్ముడు ఒక తొట్టిలో మైలుతుత్తం నీళ్లు కలిపి, గొర్రె వెంట గొర్రెను పట్టుకొని కాళ్లు ముంచుతున్నాడు. వాడి కాళ్లకు జలగలు పట్టి రక్తం కారుతోంది. చూసుకోలేదు.

కార్తెకు ఎందుకు తిరగలేదని అడిగాను. అడగడానికే కదా అంత దూరం పోయాను.

వాడు చేతిలో ఉన్న గొర్రె కాళ్లు ముంచడం పూర్తి చేశాడు. తర్వాత షెడ్డు బయటికి చెయ్యి చూపించాడు. "ఆ గడ్డి చూసినావా అన్నా. మోకాలెత్తు. మన గొర్లు పుట్టినకాడి నుంచి అట్లాంటి గడ్డి చూసినాయా? ఊర్లో ఏముండాదని తిప్పుకొని రావల్ల? వానొచ్చిందని లేసి పోయేటోడు యాడన్నా ఉంటాడా?"

దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు పక్కన పెట్టి, నేనూ ఆ గడ్డి వైపు చూశాను. మా వైపు జనం వాన రాలేదని ఊరు విడిచిపోయారు. వాన వచ్చిందని పోయినవాళ్లు లేరు. నాయనకు తెలిసిన సంగతే వాడికీ తెలుసు. కానీ అంత గడ్డిని వదిలి రావడానికి వాడికి మనసు రాలేదు.

తోట యజమాని గొడుగు వేసుకొని వచ్చాడు. ఎల్లుండి ఆ షెడ్డులోకి ఎరువుల మూటలు వస్తాయి, ఖాళీ చేయాలి అన్నాడు. కోపంగా అనలేదు, చెప్పి వెళ్లాడు. నాకు కాఫీ కూడా ఇవ్వలేదు. షెడ్డు పోతే మంద వానలో నిలబడాలి. ఒక్క రాత్రి నిలబడితే ఇక లేవవు.

లారీ సంగతి తమ్ముడే ఆలోచించి పెట్టాడు. బళ్లారి పక్క గనుల నుంచి ఇనుప ఖనిజం మంగళూరు రేవుకు లారీల్లో పోతుంది. వచ్చేటప్పుడు చాలా లారీలు ఖాళీ. కానీ వానలో, దారిలో చెయ్యెత్తితే ఒక్కడూ ఆపడం లేదు. రేవు దాకా పోయి, ఎవరినైనా ఒప్పించి, ఆ లారీలోనే కూర్చొని రావాలి. గొర్రెలను వదిలి వాడు పోలేడు. నేను పోవాలి.

రెండో రోజు పొద్దున్నే ఆగుంబె బస్సు. ఆ ఘాట్‌లో చిన్న బస్సులే నడుస్తాయి. దారికి అడ్డంగా చెట్టు పడితే, దాన్ని నరికి పక్కకు లాగేదాకా ఆగాం. నేను ఒక్కడినే పదిసార్లు దిగి చూశాను. కండక్టరు, నువ్వు చూస్తే చెట్టు లేచి పోదు, ఎక్కి కూర్చో అన్నాడు. అందరి ముందర.

ఆగుంబెలో మా పీఠభూమి అయిపోతుంది. మా ఊరు నుంచి అక్కడిదాకా నేల కొంచెం కొంచెంగా ఎత్తెక్కుతూ పోయి, అక్కడ ఒక్కసారిగా తెగిపోతుంది. కింద లోతు. ఆకాశం బాగుంటే సాయంత్రం పూట అంచు నుంచి సముద్రం కనిపిస్తుందని పక్కనున్నాయన చెప్పాడు. నాకు తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. మేఘం కింది నుంచి పైకి ఎక్కుతోంది. బస్సులోకి వచ్చింది, నా చొక్కా తడిపింది. అటువైపు నుంచి బయటికి పోయింది. నేను పుట్టినప్పటి నుంచి ఎదురుచూసిన మేఘం ఇదేనని అనుకున్నాను. చేత్తో పట్టుకుందామన్నా వీలుకాలేదు.

మలుపు మలుపుకూ ఒక వాగు రోడ్డు మీద దూకుతోంది. కొండ దిగాక సీతానది వచ్చింది. కొండకు అటువైపు పడిన చుక్క తుంగలో కలిసి పీఠభూమి అంతా దాటి తూర్పు సముద్రం చేరాలి. ఇటువైపు పడింది ఒకటి రెండు రోజుల్లో పడమటి సముద్రం చేరుతుంది. మధ్యలో ఉన్నది ఒక కొండ అంచు. అంతటి తేడా అంత చిన్న జాగాలో జరగడం నాకు అన్యాయంగా తోచింది.

ఉడుపిలో అన్నం తిన్నాను. ఉడికించిన లావు బియ్యం, గొంతు దిగలేదు. రేవు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం దాటింది. లారీల మధ్య సందులోంచి సముద్రం కనిపించింది. నేను చూడడం అదే మొదటిసారి. బూడిద రంగులో లేచి పడుతోంది. దాని మీద కూడా వాన కురుస్తోంది. నాకు అక్కడే ఒళ్లు మండింది. దానికి నీళ్లు తక్కువైనాయని కురుస్తోందా? ఒక్క నిమిషం కంటే నిలబడలేదు.

లారీ లారీకీ తిరిగాను. కొందరు అద్దం దించలేదు. ఒకడు గొర్రెల పెంట ఎవరు కడుగుతారన్నాడు. చీకటి పడితే అందరూ బయల్దేరిపోతారు. చివరికి ఒక లారీ కింద స్టవ్ పెట్టుకొని పప్పు ఉడికించుకుంటున్న గుంతకల్లు మనిషి దొరికాడు. పేరు మస్తాన్. మొత్తం విన్నాడు.

"ఓనరుకు తెలిస్తే నన్ను ఇడ్సడు. సరేలే. దుడ్లొద్దు, ఒక పొట్టేలు ఇయ్యి. కుంటిది అంటగట్టినావో, మీ ఇంటి ముందర లారీ పెట్టి తెల్లారేదాకా హారన్ కొడతా."

ఖనిజం లారీలను ఆగుంబె మీదికి పోనివ్వరు. కుందాపుర మీదుగా ఇంకో ఘాట్. అక్కడ మట్టి జారి దారి ఆగింది. రాత్రంతా లారీల వరసలో కూర్చున్నాం. మస్తాన్ పడుకున్నాడు. నేను గొర్రెల కాళ్లు తలుచుకుంటూ కూర్చున్నాను.

మూడో రోజు పొద్దెక్కాక షెడ్డు చేరాం. ఎరువుల మూటలు అప్పటికే వచ్చి, బయట టార్పాలిన్ పరదా కింద ఉన్నాయి. యజమాని మూటలను వానలో ఉంచి, మందను లోపలే ఉండనిచ్చాడు. పైగా లారీలో పరవడానికి ఎండుగడ్డి వేయించాడు. మొదటి రోజు కాఫీ ఇవ్వలేదు, మూడో రోజు గడ్డి ఇచ్చాడు. రెండూ గుర్తున్నాయి. తమ్ముడు ఒక్కో గొర్రెను బిడ్డను ఎత్తినట్టు ఎత్తి అందించాడు. మస్తాన్ ఒకదాన్ని చెవి పట్టి లాగితే, "చెవి ఇడ్సన్నా" అని తమ్ముడు అతని చెయ్యి తీసేశాడు.

వాడు వెనక మందలోనే కూర్చున్నాడు, కంబళి కప్పుకొని. శివమొగ్గ దాటాక వాన సన్నబడింది. హొళల్కెరె దగ్గర ఆగి లారీ మీది పరదా తీశాం. ఎండ పడగానే ఉన్ని నుంచి ఆవిరి లేచింది. చిత్రదుర్గం దాటాక రోడ్డు పొడి. గాలికి లారీ అడుగున ఉన్న ఖనిజం దుమ్ము లేచి, తడి ఉన్నికి పట్టుకుంది. దారిలో ఇంకొకటి చచ్చిపోయింది. తమ్ముడు దాని తల ఒడిలో పెట్టుకొని వచ్చాడు.

ఊళ్లో దిగేసరికి సాయంత్రం. మంద మొత్తం ఇటుక రంగులో ఉంది. రచ్చ మీది ముసలాయన ఒకరు, "ఏమప్పా, ఎర్ర గొర్లు యాడ కొనుక్కొచ్చినారు?" అన్నాడు. మస్తాన్ పొట్టేళ్లలో మంచిదాన్ని చూసుకొని పట్టుకుపోయాడు. మందను ఊరి బయట గులకరాళ్ల మిట్ట మీద దించాం. పగలంతా కాలిన నేల. గొర్రెలు కాళ్లు ఎత్తి ఎత్తి పెట్టాయి. తమ్ముడు వంగి ఒకదాని గిట్ట తడిమి చూశాడు.

"నాలుగు దినాలు ఇట్లనే ఎండ కాస్తే బతుకుతాయన్నా" అన్నాడు.

నేను బతుకంతా తిట్టిన నేల అది. మేత లేదు. అయినా ఆ గిట్టలకు మందు దాని దగ్గరే ఉంది.

అప్పుడు పడమర మేఘం లేచింది. నల్లగా, నిజంగా కురిసేదానిలా వచ్చింది. ఊరంతా ఇళ్లలోంచి బయటికి వచ్చింది. చేతులు నుదుట పెట్టుకొని నిలబడ్డారు. ప్రతి ఇంట్లోనూ విత్తనాలు ఎదురుచూస్తున్నాయి, మా ఇంట్లో కూడా. తమ్ముడు మందకూ మేఘానికీ మధ్య నిలబడి, "కురుస్తాదంటావా అన్నా" అని మెల్లగా అడిగాడు. గొర్రెల సంగతి వాడు నన్ను అడగడం అదే మొదటిసారి. పక్కవాళ్లకు వినపడకుండా, ఒక్క నాలుగు రోజులు ఆగు అని మేఘాన్ని అడిగాను.

అది మా నెత్తి మీదుగా తూర్పుకు పోయింది. జనం తిట్టుకుంటూ ఇళ్లలోకి వెళ్లారు. గొర్రెలు ఆరాయి. వారం తిరిగేసరికి చాలా మటుకు నడిచాయి.

తమ్ముడు ఉగాది నాటి మాట ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు. అది వాడికీ నాకూ మధ్య ఉన్న సంగతి. కానీ ఆ మేఘం, ఇన్నేళ్లు రమ్మంటే విననిది, రావద్దన్న ఆ ఒక్క సాయంత్రం నా మాట విన్నది. అది మాత్రం నేను ఎప్పటికీ మరచిపోను.