రాహుకాలంలో సేవ్ చేసిన సీను

మా కోడలు ఫిల్మ్‌నగర్‌లో ఒక మాటల రచయిత దగ్గర సహాయకురాలు. ఆయన చెబుతుంటే టైపు చెయ్యడం, షూటింగు వాళ్లకు పంపడం ఆమె పని. ఆ బుధవారం ఆయనకు జ్వరం. "ఒక్క సీనే కదమ్మా, నువ్వే రాసెయ్. సాయంత్రం షాటు" అన్నారట. తన సొంత మాటలు ఆర్టిస్టుల నోట పలకబోవడం అదే మొదటిసారి. పొద్దున కాఫీ కూడా వద్దంది పిచ్చిపిల్ల.

ఆ రచయిత గారికి ఒక పట్టింపు ఉంది. కొత్త సీనుకి రాహుకాలంలో పేరు పెట్టనివ్వరు. పేరు పెట్టందే కంప్యూటరు దాన్ని దాచుకోదట. సీను పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. బుధవారం కదా, ఒంటిగంటన్నర దాకా రాహుకాలమే. "అది దాటాక పేరు పెట్టి పంపేస్తా అత్తయ్యా" అని తలస్నానానికి వెళ్లింది.

జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి తెర నల్లగా ఉంది. మౌసు కదిపింది, మీటలన్నీ నొక్కింది. కింద డబ్బాలో లైటు వెలుగుతోంది, ఫ్యాను గుర్రుమంటోంది. తెర మాత్రం కళ్లు తెరవదు.

"ఒకసారి ఆపేసి మళ్లీ వెయ్యమ్మా, టీవీకి అలాగే చేస్తాంగా" అన్నారు మా ఆయన, సీరియల్ మీంచి చూపు తిప్పకుండానే.

"ఆపితే సీనంతా పోతుంది మామయ్యా!" అంటూనే ఏడ్చేసింది.

బోరబండలో మాకు కంప్యూటర్లు బాగుచేసే అతనికి నేనే ఫోన్ చేశాను.

"డబ్బా బటన్ మీద చెయ్యి పెట్టకుండ్రి అమ్మా. అది నడుస్తుంది గదా, సీను గాడనే ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి."

"మరి తెరకేమైందయ్యా?"

"పండుకుంది. ఊకె ఉంచితే పండుకుంటది, గది మామూలే. మళ్ల లేస్తలేదు, గదీ లొల్లి. జర మానిటర్ కరెంటు వైరు పీకి పెట్టుండ్రి."

పీకి పెట్టాం. లేవలేదు.

"అయితే డబ్బాకెల్లి మానిటర్‌కు వచ్చే వైరు తీసి టీవీకి పెట్టుండ్రి. అదీ తెరనే గదా."

టీవీ ఆ బల్ల పక్కనే. మా ఆయన లబోదిబోమన్నారు. "అత్తగారు విషం కలిపిన పాయసం పట్టుకొచ్చిందే, ఇప్పుడా!"

"ఆవిడ రేపు కూడా పట్టుకునే ఉంటుంది లెండి" అని వైరు మార్చేశాను.

టీవీ నిండా సీను వచ్చి నిలబడింది. చెల్లెలి పెళ్లికి రాలేకపోయిన అన్న ఫోన్ చేసే సీను. మా ఆయన కళ్లజోడు సర్దుకుని పైకే చదవడం మొదలుపెట్టారు. ఆఖరి మాట దాకా చదివి కోడలి వైపు తిరిగారు.

"ఎవరు రాశారమ్మా ఇది?"

కోడలు ఆ మాట వినలేదు. గడియారం చూస్తోంది. "ఇంకా రాహుకాలమే అత్తయ్యా."

నేనూ రోజూ పంచాంగం చూసేదాన్నే. అయినా ఆ పిల్ల ఏడవడం చూశాక పంచాంగం గుర్తు రాలేదు.

"ముందు పేరు పెట్టు తల్లీ. ఇది కూడా పడుకుందంటే ఏం చేస్తాం?"

పెట్టింది. తర్వాత బోరబండ అతను ఫోన్లో చెబుతుంటే, తెర పడుకోకుండా కంప్యూటర్‌లో ఏదో మార్చింది. వైరు తిరిగి మానిటర్‌కి పెడితే అదీ వెలిగింది. మా ఆయనకు టీవీ ఇచ్చేశాం గానీ, ఆయన దాన్ని వెయ్యనే లేదు.

కోడలు రచయిత గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది, ఏ వేళలో పేరు పెట్టిందో కూడా. ఆయన కాసేపు దగ్గి, "సరే, పంపమ్మా. చూసి చెబుతా" అన్నారు.

మళ్లీ ఫోన్ మోగేదాకా ఆ పిల్ల కూర్చోలేదు, నన్నూ కూర్చోనివ్వలేదు. మోగగానే బాల్కనీలోకి పరుగెత్తింది. తిరిగొచ్చి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అన్న క్షమించమనే మాట ఒక్కటే తీసేశారట అత్తయ్యా. మిగతాదంతా నాదేనట."