మా ఊళ్ళో ఒకే ఒక్క సవర ఇల్లు

మా ఊరి జనాభా ఎంతని అడిగితే ఎవరి వీధిని వాళ్ళు లెక్కపెట్టి చెప్పేవారు. రైతు వీధి వాళ్ళకి ఊరంటే కొబ్బరిచెట్ల కింద పెంకుటిళ్ళు. సముద్రం వైపు, వేటకెళ్ళేవాళ్ళు ఉండే పేటలో అడిగితే ఊరు తెప్పలు లాగే ఇసుక దగ్గర మొదలై చేపలు ఆరేసే చోట ముగిసేది. ఈ రెంటికీ మధ్య కొన్ని ఒడియా ఇళ్ళు. వాళ్ళు ఇంట్లో ఒడియాలో తిట్టుకుని, వీధిలోకొచ్చి తెలుగులో రాజీపడేవారు. వాళ్ళ పక్కన బర్మాలోని రంగం నుంచి తిరిగొచ్చిన కుటుంబం. ఆ ఇంటి ముసలామెకి సన్నటి కళ్ళు, ఎత్తు బుగ్గలు. ఆవిడ రంగం ఓడలోంచి దూకి మా ఒడ్డుకి ఈదుకుంటూ వచ్చిందని నేను చాలామందిని నమ్మించాను. నిజానికి ఆవిడ పూండి స్టేషన్లో రైలు దిగింది, చేతిలో ట్రంకుపెట్టెతో.

ఎవరి లెక్కలోకీ రాని ఇల్లు ఇంకొకటుండేది. సముద్రం హోరు వినపడనంత లోపల, ఒక జీడితోట నడుమ, తాటాకు గుడిసె. మందస వైపు కొండల నుంచి దిగివచ్చిన సవర వాళ్ళు అందులో ఉండేవారు. ఒక మొగుడూ పెళ్ళాం, చూపు ఆనని అతని తల్లి. తోట మా ఊరి పెద్దరైతుది. ఆయన నాకు మేనమామ వరస. తోట కాపలా కాస్తే గుడిసెలో ఉండనిచ్చేవాడు. కాపలా పోతే గుడిసె పోతుంది, గుడిసె పోతే మళ్ళీ కొండెక్కడమే. కొండమీద వాళ్ళకి సెంటు పోడు భూమి కూడా మిగల్లేదు.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళలో, ఒక ఎండాకాలం మొదట్లో, పంచాయతీ ఎన్నికల కబురొచ్చింది. ఈసారి ప్రెసిడెంటు సీటు గిరిజన మహిళకి రిజర్వు. పూండి రోడ్డు మలుపులో నా సైకిల్ షాపు దగ్గర ఈ మాట చెప్పుకుంటూ అందరూ కాసేపు నవ్వారు. తరవాత నవ్వు ఆపి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఊరంతా వెతికినా గిరిజన మహిళలు ఇద్దరే. తోటలో ఆవిడ, ఆవిడ అత్త. ఓటర్లుగా వాళ్ళ పేర్లు ఎక్కడం కూడా మా మావ చలవే. తన ఓట్లు పెరుగుతాయని ఎప్పుడో చేర్పించాడు.

అప్పటిదాకా ఆవిడని ‘తోటమనిషి’ అనడమే తప్ప ఎవరూ పేరడగలేదు. రాత్రికి రాత్రి ‘అమ్మగారు’ అయిపోయింది. రైతు వీధిలో రెండు జట్లు. ఒకటి మావది, రెండోది ఆయన స్వయానా బావమరిదిది. ఈయన కొబ్బరికాయల వ్యాపారి. ఇద్దరికీ మాటల్లేక చాలా కాలమైంది. ఆవిడ ఎవరి మనిషిగా నిలబడితే పంచాయతీ వాళ్ళది. అదీ లెక్క.

మావ తొందరపడ్డాడు. ఆ ఏటి తొలి మామిడిపళ్ళు, ఇంట్లో మనవలకి కూడా పెట్టకుండా, బుట్టెడు పంపించాడు. నా సైకిలు మీదే. ఆవిడ బుట్టని చేత్తో అందుకోలేదు. వంగిన జీడికొమ్మ ఒకటి చూపించి, “ఆడ తగిలించీ బావూ” అంది. తగిలించి వచ్చాను.

కొన్నాళ్ళకి మావ పాలేరు ఆ దారంట వెళ్ళి, బుట్ట అలాగే వేలాడుతోందని, పళ్ళు మెత్తబడి ఈగలు ముసురుతున్నాయని కబురు తెచ్చాడు. పొద్దున్నే మావ నా షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. కండువా భుజం మీద లేదు, చేతిలో ఉంది. ఆయనకి కోపమొచ్చిందనడానికి అదే గుర్తు.

“ఏరా అల్లుడూ, ఎల్లి సెప్పు దానికి. సాయంత్రానికి గుడిసె ఖాళీ సేసీమని.”

“ఏటయ్యింది మావా?”

“నా తోటలో ఉంటాది, నా నూతిలో నీళ్ళు తాగుతాది, నా పళ్ళు మాత్రం దానికి సేదు. ఆ కొబ్బరికాయల నాకొడుకూ పంపుంటాడు, ఆడి పళ్ళు తీపెక్కినాయి కావాల.”

“ఎన్నికలు ఇంకా రాలేదు కద మావా.”

“అందుకే ఇప్పుడే తేల్సీమంటన్నాను. పో.”

నేను వెళ్ళేసరికి ఆవిడ గుడిసె ముందు రాలిన జీడిపిక్కలు ఏరుతోంది. జీడి పాలకి వేళ్ళు నల్లగా పెచ్చులూడి ఉన్నాయి. ముసలామె తడికకి చేరబడి కూర్చుంది. కొమ్మకి ఒకటి కాదు, రెండు బుట్టలున్నాయి.

“ఆ రెండోదెవలదప్పా?”

“కొబ్బరి బాబుది.”

“అదీ తినలేదేటి?”

“ఎలగ తింటాం? మాకు మామిడి కొత్త అవ్వలేదు.”

ఆవిడ చెప్పింది ఇది. కొత్తగా వచ్చిన ఏ పంటైనా సరే, ముందు వాళ్ళ దేవుళ్ళకీ, పోయిన పెద్దలకీ పెట్టాలి. అప్పటిదాకా నోట్లో పెట్టడం కాదు కదా, చేత్తో కూడా ముట్టరు. జీడికి అయిపోయింది, మామిడి పండగ రోజు కొండమీద వాళ్ళ పూజారి చెప్పాలి. అది కనుక్కోవడానికే మొగుడు ముందురోజు కొండకెళ్ళాడు. మా మావా, ఆయన బావమరిదీ ఊరందరి కంటే ముందుగా పంపామని మురిసిపోయారు. ఆ ముందుగా పంపడంతోనే వచ్చింది చిక్కు.

గుడిసె సంగతి చెప్పాను. ఆవిడ ఏరడం ఆపలేదు. ముసలామె మాత్రం తల నా వైపు తిప్పింది.

పరుగున వచ్చి మావకి ఇదంతా చెప్పాను. ఆయన తాపీగా విన్నాడు.

“రంగం ముసిల్ది ఈదుకొచ్చిందని సెప్పింది నువ్వే కదా?”

“అది వేరు మావా.”

“బారువ ఒడ్డుకి ఏనుగు కొట్టుకొచ్చిందన్నావు. ఎండల్లో బారువ దాకా సైకిలు తొక్కీసినాను.”

“ఇది నిజం మావా, ఒట్టు.”

“నీ ఒట్లు తట్టెడున్నాయి నా దగ్గర. పక్కకి తప్పుకో.”

పాలేర్లిద్దరు గునపాలు పట్టుకుని ముందు నడిచారు. వెనక మావ, ఆయన వెనక నేను.

మేం వెళ్ళేసరికి అక్కడ పేట ఆవిడొకామె ఉంది. ఎండుచేపలు అమ్ముకుంటూ వారానికోసారి తోటకొస్తుంది. గంప దించి, ముసలామె ఒళ్ళో రెండు చేపలు పెడుతోంది. గునపాలు చూసి లేచి నిలబడింది.

మావ బుట్టలోంచి కుళ్ళని పండొకటి ఏరి సవర ఆవిడ ముందుకి చాపాడు. “ఇది తిను. తిన్నావంటే నువ్వు నా మనిసివి, గుడిసె నీది. లేదా సామాను సర్దుకో.”

ఆవిడ పండు వైపు చూసింది, గుడిసె వైపు చూసింది. ముసలామె సవరలో ఏదో అడిగింది. ఆవిడ సవరలోనే జవాబిచ్చి, మావతో అంది: “గుడిసె నీది బాబూ, పీకించీ. పండు ముట్టను.”

మావ మొహం ఎర్రబడింది. పాలేర్లకి చెయ్యి ఊపాడు. ఒకడు గుడిసెని మోసే నిట్రాడి మొదట్లో గునపం దించాడు.

“కొత్తవల గంగమ్మకి సూపించకుండా మా మొగోళ్ళు నీటిలో దించుతారేటి?” అంది పేట ఆవిడ. “మీ ఇంటికాడ కొత్త బియ్యం అమ్మోరికి ఎట్టకుండా వండుతారేటి? ఈళ్ళకీ అలాగే.”

“నీకెందుకే? సేపలమ్ముకో.”

“అమ్ముకుంటాను. ఒక్కటి సెప్పు. ఈళ్ళు కొండెక్కీసినారంటే పెసిరెంటు కుర్సీలో నీ గేదెని కూకోబెడతావేటి?”

పాలేరు గునపం అలాగే పట్టుకుని నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. మావ ఆలోచనలో పడ్డాడు. ఆయనలో ఆలోచన బయటికి కనపడుతుంది, కండువా చేతిలోంచి మెల్లగా భుజం మీదికి పాకుతుంది. ఆ సవర ఇల్లు ఊళ్ళో లేకపోతే కుర్చీ ఖాళీ. ఆయనకీ లేదు, బావమరిదికీ లేదు.

“సర్లే,” అన్నాడు చివరికి. “ఉండనీండి.”

అప్పటికే ఆవిడ గుడిసె చూరు పట్టుకుని తాటాకులు లాగుతోంది.

“ఉండమన్నాను కదే.”

“ఈ పూట ఉండమన్నావు. ఇంకో బుట్ట ఒచ్చినపుడు ఎల్లిపొమ్మంటావు.” ఆవిడ గొంతు పెంచలేదు. ఒక్కొక్క తాటాకూ లాగి, దుమ్ము దులిపి, ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

“ఎక్కడికెల్తావే మరి?” అడిగింది పేట ఆవిడ.

ఆవిడ ఇంకో తాటాకు లాగింది. రైతు వీధిలో ఇవ్వరు, ఒడియా ఇళ్ళ దగ్గర చోటు లేదు. మా ఊళ్ళో ప్రతి రకం మనుషులకీ ఒక వీధి ఉంది, ఈ ముగ్గురికే లేదు. ఆ సంగతి అక్కడ నిలబడ్డ వాళ్ళందరికీ తెలుసు.

“మా పేట సివర, సరుగుడు తోపు కాడ సోటుంది,” అంది పేట ఆవిడ. “సేపల కంపు ఓర్సుకోవాల మరి. మా మొగోళ్ళతో నాను మాటాడతాను.”

ముసలామె మళ్ళీ ఏదో అంది. కోడలు తెలుగులో చెప్పింది: “ఆడినించి కూడా ఎల్లిపొమ్మంటారేటని అడుగుతంది.”

పేట ఆవిడ గంప ఎత్తుకుని, చుట్టకుదురు సర్దుకుంది. “సముద్రం పొమ్మంటే మేవూ పోతాం, మీరూ పోతారు. మనిసి మాత్రం అనడు. సెప్పు మీ అత్తకి.”

గునపాలు తెచ్చిన పాలేర్లే నిట్రాళ్ళు పీకి భుజానికెత్తుకున్నారు. మావ వాళ్ళని ఆగమనలేదు, వెళ్ళమనలేదు. జీడిపిక్కల కుప్ప పక్కన ఒక్కడూ నిలబడిపోయాడు. పిక్కలు రాలే రోజులు, మర్నాటి నుంచి కాపలాకి మనిషి లేడు.

ఎన్నికల సంగతంటారా, వానలు పడ్డాక వచ్చాయి. ఆవిడొక్కతే నిలబడింది, ఏ జట్టు తరఫునా కాదు, పోటీ లేదు. కానీ నాకు ఇప్పటికీ కంటికి కట్టినట్టుండేది ఆ సాయంత్రమే. కొండ నుంచి దిగొచ్చిన మొగుడు బోసిపోయిన తోటలో నిట్రాళ్ళు పీకిన గోతుల దగ్గర కొయ్యబారిపోయాడు. జరిగింది చెప్పి, పేట దాకా నేనే తీసుకెళ్ళాను. సరుగుడు తోపు దగ్గర పేట మగాళ్ళు అప్పటికే నిట్రాళ్ళు పాతి, వలతాళ్ళతో వాసాలు బిగిస్తున్నారు. ఇంకా కప్పు లేదు. ఆ వాసాల కింద ముసలామె కూర్చుని, అరచెయ్యి చాపి పట్టుకుని ఉంది. కొడుకు అడుగుల చప్పుడు విని ఏదో అడిగింది.

“ఏటంటంది?” అన్నాను.

“వాన పడతందా అంటంది.”

వాన లేదు. తోటలోకి ఎప్పుడూ వినపడని అలల చప్పుడు. అతను ఆమె పక్కన కూలబడి, చాపిన చెయ్యి మెల్లగా దింపాడు.