పరపతి సంఘంలో పంతులమ్మ

బరంపురం ఇంకా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. భర్త పోయాక నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరాను. ఊళ్ళో ఉపాధ్యాయులంతా కలిసి పరపతి సంఘం పెడుతున్నారని, సభ్యులకు తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారని తెలిసి, ఎంతో ఆశతో మొదటి సమావేశానికి వెళ్ళాను.

అధ్యక్షుడు నన్ను చూసి, "ఏటమ్మా, మీ ఇంట్లో మగోళ్ళు నేరా? ఆళ్ళని సేరమను," అన్నాడు.

"ఉపాధ్యాయులెవరైనా సేరొచ్చని మీరే సెప్పారు కదండీ?"

"ఉపాధ్యాయులంటే మగోళ్ళేనమ్మా!"

హాలంతా నవ్వింది. నాతో కలిసి పరీక్ష పేపర్లు దిద్దిన మాస్టార్లూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి బళ్ళో పిల్లలకి పాఠాలు సెప్తున్నదెవరండీ? మా మావగారా?" అని అరిచాను.

నవ్వు ఆగింది. అయినా చేతులెత్తి నన్ను కాదన్నారు. చెయ్యెత్తనిది ముసలి ఒడియా పండితులొక్కరే. ఆయన నాతోపాటే లేచి బయటికి వచ్చేశారు.

మరుసటి ఏడు సభ్యులు చాలక, ఆడవాళ్ళూ చేరొచ్చని నియమం మార్చి కబురంపారు. అవసరం కొద్దీ చేరాను. మరికొందరు పంతులమ్మలనీ చేర్పించాను. ఇప్పుడు ప్రతి సభలోనూ, "ఆడవాళ్ళని ఆదరించిన సంఘం మనది," అని గొప్పలు చెప్పుకుంటారు. ఆనాడు నవ్విన నోళ్ళే ఆ మాట అంటుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.